తాకకుండా బొమ్మ వేసే కుంచె

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో వెబ్‌స్టర్ సిటీ అనే ఊరుంది. 1870ల చివర్లో అక్కడ ఆబ్నర్ పీలర్ అనే ఆయన కుట్టుమిషను భాగాలు, పాత చెంచా, వంచిన స్క్రూడ్రైవరు కలిపి ఒక పనిముట్టు చేశాడు. చెంచాలో రంగు ఉంటుంది. సూది మొన దాన్ని కొంచెం కొంచెంగా బయటికి తెస్తే, గాలి తుంపరగా ఊదుతుంది. ఫొటోలన్నీ నలుపు తెలుపుల్లో ఉన్న రోజులవి. వాటికి నీడలు దిద్దాలి, రంగులు అద్దాలి. కుంచె ఆనితే గీత పడుతుంది. గాలి ఊదితే నీడ పడుతుంది. పీలర్ సాధించింది అదే.

లిబర్టీ వాకప్ అనే ఆయన 700 డాలర్లిచ్చి ఆ పనిముట్టు హక్కులు కొన్నాడు. ఇల్లినాయ్ రాష్ట్రం రాక్‌ఫర్డ్‌లో ‘ఎయిర్ బ్రష్’ పేరుతో తయారీకి దిగాడు. 1893లో చార్లెస్ బర్డిక్ అనే ఆయన దానికి కలం రూపం ఇచ్చాడు. నేటి ఎయిర్ బ్రష్‌లు దాని మునిమనవలే.

ఒక్కసారి దాన్ని చేతిలోకి తీసుకుని చూడండి. నాజిల్ రంధ్రం సాధారణంగా అర మిల్లీమీటరు లోపే. అందులో సన్నగా చెక్కిన సూది బిరడాలా కూర్చుని ఉంటుంది. మీట కిందికి నొక్కితే గాలి వస్తుంది, వెనక్కి లాగితే సూది జరిగి రంగు వస్తుంది. వేగంగా పోయే గాలి నాజిల్ మొన దగ్గర పీడనం తగ్గించి, రంగును తనే లాక్కుని పొగమంచులా చిమ్ముతుంది. ఎంత అద్భుతమైన పొదుపు!

ఈ పనిముట్టుతోనే ఒంటి మీద కూడా తాత్కాలిక బొమ్మలు వేస్తారు. ఆ బొమ్మకు కారు టైరులో ఉండే గాలి పీడనం కంటే తక్కువే చాలు. ముందు చర్మం మీది జిడ్డు తుడుస్తారు, స్టెన్సిల్ అంటిస్తారు, పల్చగా పొర మీద పొర ఊదుతారు. చెయ్యి ఒకేచోట ఆగిపోతే రంగు సాలీడు కాళ్లలా పాకి బొమ్మ పాడవుతుంది. సిరాలోని ఆల్కహాలు చప్పున ఆరిపోయి, రంగు సన్నని పొరగా మిగులుతుంది. ఆఖరున పౌడరు అద్దుతారు.

పచ్చబొట్టు సూదితో చర్మం లోపలి పొరకు చేరుతుంది కనుక జీవితాంతం ఉంటుంది. గోరింటాకులోని లాసోన్ పైపొరలోని కెరటిన్‌తో కలిసిపోతుంది కనుక వారం, రెండు వారాలు పండి ఉంటుంది. ఎయిర్ బ్రష్ సిరా దేనితోనూ కలవదు, ఊరికే పైన అతుక్కుంటుంది. అందుకే కొద్ది రోజుల్లో రాలిపోతుంది. నా దృష్టిలో దాని గొప్పదనమే అది.

భయపడాల్సింది సిరా గురించే. గోడకో, కారుకో వేసే రంగు ఒంటికి పనికిరాదు. ‘బ్లాక్ హెన్నా’ పేరుతో పూసేదాంట్లో పీపీడీ అనే హెయిర్‌డై రసాయనం ఉంటే బొబ్బలెక్కవచ్చు. ఒకసారి పడకపోతే ఆ తర్వాత జుట్టుకు రంగు వేసుకున్నా బాధ తప్పకపోవచ్చు. తుంపర కాబట్టి కళ్లకు, ముక్కుకు దూరంగా, గాలి ఆడేచోటే వేయించాలి. ఈసారి ఎగ్జిబిషన్‌లో మీ పాప చెయ్యి చాపితే, ముందు ఆ సిరా సీసా అడిగి తీసుకుని, చర్మం కోసం తయారైనదేనా అని చదవండి.