నడకకు తగ్గ మాట

"నెమ్మదిగా నడవడం" అంటే ఇంగ్లీషులో ఏమిటని మీ అబ్బాయినడగండి. "వాక్ స్లోలీ" అంటాడు. తప్పేమీ లేదు. కాని ఇంగ్లీషువాడు అంతటితో ఊరుకోలేదు. నెమ్మదిలోనే రకాలు చేసి, రకానికో క్రియ పెట్టుకున్నాడు. తీరుబడిగా షికారు కొడితే ‘సాంటర్’. దారిలో జాగు చేస్తే ‘డాడిల్’. అలసిన కాళ్లీడ్చుకుంటూ నడిస్తే ‘ట్రడ్జ్’. మనం చాలా మటుకు నడక నొకటే ఉంచుకుని, దాని ముందు "తాపీగా" అనో "కాళ్లీడ్చుకుంటూ" అనో చేరుస్తాం.

ఈ తేడా నాకు రాజమండ్రిలో చదువుకునే రోజుల్లో తెలిసింది. మా నాన్నగారు ధవళేశ్వరంలో గుమాస్తా. మాస్టారు తండ్రిమీద వ్యాసం రాయమంటే, నిఘంటువు తిరగేసి, చెవికింపుగా ఉంది గదా అని, "మా నాన్నగారు రోజూ సాయంత్రం సాంటర్ చేస్తూ ఇంటికొస్తారు" అని ఇంగ్లీషులో రాసేశాను.

"ఏరా, మీ నాన్నగారు బస్సులో రారూ?" అన్నారు మాస్టారు.

"నడిచే వస్తారండి. బస్సు డబ్బులు మిగిలిస్తే నా ఫీజుకి పనికొస్తాయని..."

మాస్టారు మరి మాట్లాడలేదు. ఆదివారం నన్ను ధవళేశ్వరం లాకుల దగ్గరకు తీసుకెళ్లారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక, గోదావరి కాలవలు పొలాలకు నీళ్లివ్వడమే కాదు, పడవలనూ నడిపించాయి. గాలి లేకపోతే పడవవాళ్లు తాడు భుజాన వేసుకుని, గట్టువెంట వంగి నడుస్తూ లాగేవారు.

"అదీ ట్రడ్జ్ అంటే," అన్నారాయన. "అందులో నెమ్మదికన్న బరువు ముఖ్యం. దారి దూరం, కాళ్లు అలిసిపోయాయి, అయినా ఆగడానికి వీల్లేదు. పుష్కరాల రేవులో గాలికి తిరిగే పెద్దమనిషిది సాంటర్. మీ నాన్నగారిదేమిటో చూసి రాయి."

మర్నాడు దీపాలవేళ ధవళేశ్వరం రోడ్డుమీద నిలబడ్డాను. నాన్నగారు దూరాన కనిపించారు. గొడుగు చంకలో ఉంది. మోకాళ్లదాకా దుమ్ము. అడుగు తీసి అడుగు వెయ్యడమే కష్టంగా ఉంది. నన్ను చూడగానే మాత్రం నడుం నిటారుచేసి, "ఏరా, ఇంత దూరం వచ్చావ్?" అంటూ గబగబా వచ్చేశారు.

వ్యాసంలో సాంటర్ కొట్టేసి ట్రడ్జ్ అని రాశాను. నాన్నగారికి మాత్రం చూపించలేదు.

ఇప్పుడు మా మనవడు నిఘంటువు చూసి, "ట్రడ్జ్ అంటే నెమ్మదిగా నడుచుటేనా, తాతయ్యా?" అన్నాడు. "కాదురా, ఇలా కూర్చో," అని ఈ కథంతా చెప్పాను.