రంగులరాట్నం ఎక్కిన ప్రోటాన్

పెట్ స్కాన్ పేరు వినే ఉంటారు. అందులో ఒంట్లో మిలమిల వెలిగే మందు ఏ గనిలోనూ దొరకదు. పొద్దున వండాలి, మధ్యాహ్నంలోగా వాడెయ్యాలి. పులిహోర కంటే ముందే పాడైపోతుంది మరి! ఆ వంట చేసే పొయ్యి పేరు సైక్లోట్రాన్.

మీకు తెలుసా? తొలి సైక్లోట్రాన్ అరచేతిలో పట్టేది! 1931 జనవరిలో అమెరికాలోని బర్క్‌లీలో ఎర్నెస్ట్ లారెన్స్, ఆయన శిష్యుడు స్టాన్లీ లివింగ్‌స్టన్ దాన్ని నడిపించారు. వెడల్పు 11 సెంటీమీటర్లు. ఇత్తడి డబ్బా, సందులు పూడ్చడానికి లక్క. ఖర్చు పాతిక డాలర్లు. లాడ్ బజార్లో లక్క గాజులు చేసే మేస్త్రి పక్కనుంటే ఇంకో రెండు డాలర్లు మిగిలేవేమో!

దానికి ఇచ్చింది 1,800 వోల్టులే. కణాలు బయటికొచ్చింది మాత్రం 80,000 వోల్టుల ఊపుతో! గుండ్రంగా తిప్పుతూ, చుట్టుకు రెండుసార్లు వెనకనుంచి తొయ్యడమే కిటుకు. పెట్టినదానికి 44 రెట్లు. ఇంత రాబడి చూపిస్తే ఏ చిట్‌ఫండ్ ఓనరైనా ఈపాటికి లోపలుండేవాడు.

ఆ ల్యాబులో దీని ముద్దుపేరేంటో తెలుసా? ప్రోటాన్ల రంగులరాట్నం! తేడా అల్లా టికెట్ లేకపోవడమే.

1935లో లారెన్స్ తమ్ముడు, డాక్టర్ జాన్ లారెన్స్, సైక్లోట్రాన్ దగ్గర ఒక ఎలుకను పెట్టి మిషన్ ఆన్ చేయించాడు. కాసేపటికి చూస్తే ఎలుక చచ్చిపోయి ఉంది. అందరికీ ముచ్చెమటలు! ఆ రోజు నుంచి రేడియేషన్ అంటే జాగ్రత్తే జాగ్రత్త. తీరా చూస్తే, పాపం, అది చచ్చింది ఊపిరాడక. గాలి గొట్టం తెరవడం మర్చిపోయారు!

ఉత్తరంలో కొత్త మూలకం పోస్టు చేశారంటే నమ్ముతారా? 1937లో లారెన్స్ తన సైక్లోట్రాన్‌లో వాడి తీసేసిన మాలిబ్డినం రేకును కవర్లో పెట్టి ఇటలీలోని పాలెర్మోకు పంపాడు. ఎమిలియో సెగ్రే, కార్లో పెరియర్ దాన్ని గీకి చూస్తే, అప్పటిదాకా ఎవరి కంటా పడని 43వ మూలకం బయటపడింది! మనిషి చేతుల్లో పుట్టిన మొదటి మూలకం అదే. అందుకే గ్రీకులో ‘కృత్రిమం’ అని అర్థం వచ్చేలా టెక్నీషియం అని పేరు పెట్టారు. ఇవాళ ఎముకల స్కాన్, గుండె స్కాన్‌లలో మోత మోగించేది ఇదే. పాత సామాన్లవాడికి వేసుంటే?

లారెన్స్‌కు 1939 నోబెల్ వచ్చింది. యుద్ధం వల్ల స్వీడన్ వెళ్లలేదు. బర్క్‌లీలోనే బహుమతి ప్రదానం చేశారు. తేదీ? 1940 ఫిబ్రవరి 29. వార్షికోత్సవం చేసుకోవాలంటే నాలుగేళ్లు ఆగాల్సిందే!

1945 నవంబరులో జపాన్‌లో ఉన్న ఐదు సైక్లోట్రాన్లను అమెరికా సైన్యం ముక్కలు చేసింది. టోక్యోవి తీసుకెళ్లి సముద్రంలో పడేశారు. బాంబు మిషన్లనుకున్నారు! అమెరికా శాస్త్రవేత్తలే ‘ఇదేం పని’ అని మండిపడ్డారు. ఇప్పుడు అదే జపాన్‌లోని రికెన్ సంస్థ దగ్గరున్న సైక్లోట్రాన్ బరువు 8,300 టన్నులు. ఈసారి ఎత్తి పడెయ్యమనండి చూద్దాం.

మరి వెడల్పులో రికార్డు? కెనడాలోని వాంకూవర్లో ఉన్న ట్రయంఫ్‌ది: 18 మీటర్లు! 1974 నుంచి తిరుగుతూనే ఉంది. మిషన్ నడుస్తున్నప్పుడు దాని పైనున్న అంతస్తులో కాగితాల క్లిప్పులు వాటంతటవే నిటారుగా నిలబడతాయి. హెడ్‌మాస్టరు క్లాసులోకి వచ్చినట్టే!

మనవాళ్లూ తక్కువేం కాదు. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా కలకత్తాలో సైక్లోట్రాన్ కట్టాలని పట్టుపట్టి, శిష్యుడు బి.డి. నాగ్‌చౌధురిని లారెన్స్ దగ్గరికే పంపాడు. యుద్ధంలో దాని వ్యాక్యూమ్ పంపులున్న ఓడ కాస్తా మునిగింది. ఆసుపత్రి పనికి ప్రత్యేకంగా మన దేశంలో తొలి మెడికల్ సైక్లోట్రాన్ 2002లో ముంబయిలోని పరేల్‌లో మొదలైంది. కలకత్తా కూడా ఊరుకోలేదు. 2018లో 30 మిలియన్ వోల్టుల మెడికల్ సైక్లోట్రాన్ పెట్టి బాకీ తీర్చుకుంది!

ఆసుపత్రి సైక్లోట్రాన్‌లో ప్రోటాన్ ఎంత జోరుగా పోతుందో చెప్పండి? సెకనుకు 45,000 కిలోమీటర్లు, చిన్న మిషన్‌లోనే! భూమి చుట్టుకొలత 40,000. మనం ‘ఒక్క క్షణం’ అనేలోపు ప్రపంచయాత్ర పూర్తి, అదీ వీసా లేకుండా.

ఇంతా చేసి ఆ ప్రోటాన్లు కొట్టేది దేన్ని? నీళ్లని! రెండు మూడు మిల్లీలీటర్లు, అంటే చెంచాలో సగం. అయితే మామూలు నీళ్లు కావు, బరువైన ఆక్సిజన్-18 నీళ్లు. కుళాయి నీళ్లలో వెయ్యి ఆక్సిజన్ పరమాణువులుంటే ఇలాంటివి రెండే. అందుకే గ్రాముల లెక్కన అమ్ముతారు. బంగారం కొట్లో నీళ్లు అడిగినట్టే!

ఆ దెబ్బకు ఆక్సిజన్ కాస్తా ఫ్లోరిన్-18 అవుతుంది. దాని అర్ధాయువు, అంటే సగం మాయమయ్యే సమయం, 110 నిమిషాలు, మన సినిమా ఇంటర్వెల్ దాటి రెండు పాటలదాకా. హైదరాబాద్‌లో 100 వంతులు నింపి కారులో ఐదు గంటలు ప్రయాణిస్తే విజయవాడలో మిగిలేది 15. దారిలో సూర్యాపేట దగ్గర అరగంట టీకి ఆగారా, ఉన్నదాంట్లో ఆరో వంతు గోవిందా!

ఇదే నయం. కార్బన్-11కు 20 నిమిషాలు, నైట్రోజన్-13కు పది. ఆక్సిజన్-15కు రెండంటే రెండు! అమీర్‌పేట సిగ్నల్ దాటేలోపే సగం కంటే ఎక్కువ హుష్‌కాకి. గాలియం-68 ఒక్కటే బుద్ధిమంతురాలు. అర్ధాయువు 68 నిమిషాలు, గడియారం పేరులోనే ఉంది!

1976 ఆగస్టులో ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెరను, అంటే మన పెట్ స్కాన్ మందును, తొలిసారి మనిషికి ఎక్కించారు. తయారీ న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్‌లో, ఇంజెక్షన్ ఫిలడెల్ఫియాలో. మందు చిన్న విమానంలో వెళ్లింది. చక్కెరకు విమానయోగం!

మన మెదడు బరువు ఒంట్లో నూటికి 2 వంతులే. ఆరగించే చక్కెర 20 వంతులు. అందుకే స్కాన్‌లో ధగధగలాడుతుంది. సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడి విస్తరి గుర్తొస్తోందా?

ఇంజెక్షన్ ఇచ్చాక కబుర్లు వద్దంటారు, ఎందుకో తెలుసా? ఎక్కువ వాగితే గొంతు కండరాలు చక్కెర లాగేసుకుని స్కాన్‌లో వెలిగిపోతాయి. చలేసినా తంటాయే, మెడ దగ్గరి గోధుమరంగు కొవ్వు వెలుగుతుంది. అందుకే దుప్పటి కప్పుతారు. ఆసుపత్రిలో మర్యాద అనుకున్నారా!

ఎక్కించే రేడియోధార్మిక చక్కెర బరువు గ్రాములో దాదాపు వంద కోట్లవ వంతు. అందులోంచి వచ్చేది పాజిట్రాన్లు, అచ్చమైన ప్రతిపదార్థం! సినిమాల్లో విలన్లు దాచుకునే సరుకు.

విలన్ల దాకా ఎందుకు? అరటిపండులో పొటాషియం ఉంది కదా. అందులో పిసరంత రేడియోధార్మికం. గంటకో రెండు గంటలకో ఒక పాజిట్రాన్‌ను అదీ వదులుతుంది. ఇంతకీ మీ ఇంట్లో డజను పళ్లున్నాయా?