నీలం తీసేస్తే మిగిలేది పసుపు

సూరత్‌లో పసుపుకు రెండు ధరలు. మహిధర్‌పురా వజ్రాల బజారులో రాయి మీద పసుపు ఛాయ కాస్త కనబడిందా, బేరం కిందికి జారుతుంది. అక్కడి నుంచి ఉధ్నా వైపు వచ్చి కారు సామాన్ల దుకాణంలో చూడండి, అదే పసుపు కోసం జనం ఎదురు డబ్బిస్తారు. డిసెంబరు చివర్లో మా బావ నన్నూ అలాంటి దుకాణానికి లాక్కెళ్లాడు. లింబాయత్‌లో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపిస్తాడు. పండక్కి కరీంనగర్ దాకా కార్లోనే పోవాలని ఆయన పట్టు. "బార్డోలీ దాటినంక పొగమంచు మస్తు పడుతది. పచ్చ లైటయితే మంచును చీల్చుకుంట పోతది, సూడు" అన్నాడు.

కుర్రాడు బంపర్ ముందు గొంతుక్కూర్చుని ఫాగ్ లైటు అద్దాన్ని సబ్బునీళ్లతో తుడిచాడు. పసుపు ఫిల్మును అరచేతంత కోసి అంటించి, వేడిగాలి తగిలించేసరికి అది మెత్తబడి అద్దం ఒంపుల్లోకి ఒదిగింది. అంచుల్ని బ్లేడుతో గీసి పడేశాడు. అరగంటలో రెండు పక్కలా అయిపోయింది. స్విచ్ వేస్తే దుకాణం ముందు సిమెంటు నేల తేనె రంగుకు తిరిగింది. బావ ముఖం కూడా.

ఆయన మాటలో నిజమెంత? చీల్చడం అనేది ఉత్త మాట. నీలి కాంతి ఎక్కువగా చెదురుతుంది, పసుపు, ఎరుపు తక్కువగా చెదురుతాయి అని బడిలో చదువుకున్నాం. ఆకాశం నీలంగా కనబడేది అందుకే. శాస్త్రవేత్త రేలీ చెప్పిన ఆ లెక్క ప్రకారం నీలం ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. కానీ అది కాంతి తరంగం కన్నా బాగా చిన్నవైన గాలి అణువులకు వర్తించే లెక్క. కంటికి కనబడే కాంతి తరంగం పొడవు మైక్రాన్‌లో సగం అటూ ఇటూ. పొగమంచు బిందువు పదీ ఇరవై మైక్రాన్లుంటుంది. అంత పెద్ద బిందువుకు రంగుల పట్టింపు లేదు, అన్నిటినీ ఒకేలా చెదరగొడుతుంది. మంచు తెల్లగా ఉండడమే దానికి సాక్ష్యం. నీలాన్నే ఎక్కువగా చెదరగొట్టేదైతే పుష్యమాసపు పొద్దులు మనకు నీలంగా తెల్లారేవి.

ఈ చెదరడం గొడవలో మనవాడనదగ్గ ఒకాయన ఉన్నాడు. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగి వస్తూ, సముద్రం నీలం ఆకాశపు నీడ కాదని, నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని గుర్తించాడు. తర్వాతి రోజుల్లో ఆయన ఏళ్ల తరబడి పట్టుకు కూర్చున్న ఇంకో వస్తువు వజ్రం. సూరత్‌కు వచ్చుంటే ఇల్లు మరిచిపోయేవాడేమో.

మరి పసుపు వల్ల లాభమే లేదా? ఉంది, కాకపోతే అది మంచులో కాదు, మన కంట్లో. నీలి కాంతిని కన్ను సరిగ్గా రెటీనా మీద నిలపలేదు, కాస్త ముందే కేంద్రీకరిస్తుంది. కళ్లు జిగేల్మనిపించడంలోనూ నీలానిదే పెద్ద చెయ్యి. మంచు గోడకు తగిలి వెనక్కి తిరిగొచ్చే వెలుతురులో నీలం తగ్గితే కంటికి నెమ్మది. అదే దీనివల్ల కలిగే సుఖం, దానికీ ధర ఉంది. పసుపు ఫిల్ము వెలుతురుకు కొత్తగా ఏమీ కలపదు, ఉన్నదాంట్లోంచి నీలాన్ని మింగేస్తుంది. మొత్తం మీద కొంత కాంతి తగ్గుతుంది. బావకు ఈ సంగతి చెప్తే "పైసలిచ్చి వెల్తురు తగ్గించుకున్ననా?" అన్నాడు.

ఒక దేశం దేశమే ఈ నమ్మకం మీద నడిచింది. ఫ్రాన్సులో 1936లో ఉత్తర్వు వచ్చింది. ఆ మరుసటి ఏడాది నుంచి ఫాగ్ లైట్లే కాదు, హెడ్‌లైట్లూ పసుపువే. కాడ్మియం కలిపిన గాజు బల్బులు వాడేవారు. శత్రుదేశపు బళ్లను గుర్తుపట్టడానికే ఆ రంగు పెట్టారని ఓ కథ ప్రచారంలో ఉంది, వినడానికి బాగుంటుంది. అసలు వాదన ఎదుటివాడి కళ్లు చెదరకూడదన్నదే. యూరప్ అంతా ఒకే నిబంధన కిందికి వచ్చాక 1993లో ఆ పట్టుదల ముగిసింది.

మన భాషలోనూ ఈ రంగుకు ఓ చిక్కుంది. పచ్చ అంటే ఆకుపచ్చా, పసుపుపచ్చా? తెలంగాణ ఇళ్లలో పచ్చ చీర అంటే చాలాసార్లు పసుపు చీరే. బావ దుకాణంలో పచ్చ లైటు అన్నప్పుడు నేనూ ఒక క్షణం బెదిరాను.

ఇక వజ్రం సంగతి. వజ్రంలోని పసుపూ ఫాగ్ లైటు పసుపు లాంటిదే, నీలాన్ని మింగగా మిగిలింది. ఇక్కడ మింగేది నత్రజని. లక్ష కార్బన్ పరమాణువుల మధ్య పది నత్రజని పరమాణువులు విడివిడిగా చొరబడితే చాలు, రాయి చిక్కటి పసుపుకు తిరుగుతుంది. రంగు లేని రాయికి డి, పసుపు పెరిగేకొద్దీ జెడ్ దాకా గ్రేడు. తమాషా ఏమిటంటే, జెడ్ దాటి ఇంకా పసుపెక్కితే దాన్ని ఫ్యాన్సీ అంటారు, ధర మళ్లీ పైకెక్కుతుంది. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది సూరత్ చేతుల మీదుగానే పోతాయంటారు. ఇక్కడి దళారులు రాళ్లను మడిచే కాగితం పొట్లం లోపల లేతనీలం పొర ఉండడం మామూలు, దాని మీద లేతపసుపు రాయి తెల్లగా కనబడుతుంది. అక్కడ మింగిన నీలాన్ని ఇక్కడ అప్పిస్తున్నారన్నమాట!

నత్రజని దాదాపు లేని రాళ్లను టైప్ 2ఏ అంటారు. వ్యాపారుల నోట వాటి ముద్దుపేరు గోల్కొండ. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాలకు వచ్చిన కీర్తి అది. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే సూరత్‌లో దిగి, గోల్కొండకు పోయే దారులు మజిలీ మజిలీగా రాసిపెట్టాడు. ఆయన ఫ్రాన్సు రాజుకు అమ్మిన పెద్ద నీలి రాయి నుంచి వచ్చిందే ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉన్న 45.52 క్యారెట్ల హోప్ వజ్రం. దాని నీలం బోరాన్ పుణ్యం. బోరాన్ ఎరుపు వైపు మింగి నీలాన్ని వదిలేస్తుంది.

మళ్లీ దుకాణానికి వద్దాం. డబ్బా మీద 3000 కెల్విన్ అని రాసుంటే అది పసుపుకు హామీ కాదు, మామూలు హాలోజెన్ బల్బు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. హాలోజెన్ కోసం చేసిన గిన్నెలో ఎల్‌ఈడీ దూరిస్తే ఇంకో తంటా. ఫిలమెంటు ఉండాల్సిన చోట వెలుగు పుట్టదు కాబట్టి కిరణం చెదిరి ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. ఫాగ్ లైటును బంపర్‌లో అంత కిందికి పెట్టేదే వెలుతురు మంచు కిందుగా, వెడల్పుగా రోడ్డు మీద పరుచుకోవాలని. ఆ పొందిక చెడితే ఏ రంగైనా ఒకటే. వానాకాలం సాపుతారా ఘాటు ఎక్కే సూరత్ వాళ్లకు ఇంకో సంగతి తెలియాలి. ఎల్‌ఈడీ ముందువైపు వేడి చిమ్మదు, అద్దం మీద చేరిన చెమ్మ అలాగే ఉండిపోతుంది.

చట్టం మాట: మన ప్రమాణాల్లో ముందు ఫాగ్ ల్యాంపు తెల్లగానైనా ఉండొచ్చు, నిర్ణీత పసుపులోనైనా ఉండొచ్చు. వెనకది ఎరుపే. అలాగని ఇష్టమొచ్చినట్టు మార్చుకోమని కాదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పుకు, ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా ఉంది.

వాతావరణ శాఖ లెక్కలో చూపు కిలోమీటరు లోపు ఆగితే పొగమంచు, 200 మీటర్ల లోపైతే దట్టం, 50 లోపైతే అతి దట్టం. ఆ చివరి రకంలో దీపం ఏ రంగైనా బండి పక్కకు తీసి టీ తాగడమే.

రైల్వే వాళ్లు పాతకాలం నుంచీ వెలుతురును నమ్ముకోలేదు. మంచు కమ్మినప్పుడు సిగ్నల్‌కు 270 మీటర్ల ముందే పట్టా మీద చిన్న టపాకాయ లాంటిది బిగిస్తారు. ఇంజను చక్రం ఎక్కగానే ఢామ్మంటుంది, సిగ్నల్ వస్తోందని డ్రైవరుకు చెవుల ద్వారా తెలుస్తుంది. ఈ ముక్క మా అక్కకు బాగా నచ్చింది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్‌కు మూడు టికెట్లు తీయించింది. "నేను, పిల్లలు రైల్ల పోతం. మీ బావ, నువ్వు ఆ పచ్చ లైట్లేస్కొని మెల్లగ రాండ్రి" అంది.