దిగువ నుంచి కొండెక్కిన పేరు

హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్‌లో, దాదాపు 4,890 మీటర్ల ఎత్తున ఉన్న బారాలాచా కనుమ దగ్గర రెండు ఏర్లు పుట్టి చెరో దారి పడతాయి. భాగ సూరజ్‌తాల్ సరస్సులో మొదలై దార్చా, కేలాంగ్‌ల మీదుగా నైరుతికి దాదాపు 60 కిలోమీటర్లు వడివడిగా దిగుతుంది. చంద్ర ముందు ఆగ్నేయానికి సాగి, బారా షిగ్రీ లాంటి హిమానీనదాల నీరు కలుపుకొని, పెద్ద మలుపు తిరిగి వాయవ్యానికి మళ్లుతుంది. దాని దారి ఇంచుమించు రెట్టింపు. తాండీ దగ్గర రెండూ కలిసి చంద్రభాగ అవుతాయి. జమ్మూ కొండల్లోకి దిగాక అదే చీనాబ్. చంద్ర, భాగ కలిశాయి కాబట్టి చంద్రభాగ అన్న వివరణ ఎంత సహజంగా ఉందంటే, దాన్ని ఎవరూ ప్రశ్నించరు. కానీ వరస దానికి తలకిందులని నా వాదన. చంద్రభాగ అన్నదే ముందు పుట్టింది. దిగువన స్థిరపడిన ఆ పేరును విడదీసి, పైనున్న ఏర్లకు చెరో ముక్క పంచారు.

ఋగ్వేదంలోని నదీసూక్తం ఈ నదిని అసిక్ని అంది. అలెగ్జాండర్ వెంట వచ్చిన గ్రీకులు అకెసినీస్ అన్నారు. మహాభారతంలో చంద్రభాగ ఉంది; 2వ శతాబ్దపు టాలెమీ చెప్పిన సాందబాల్ కూడా ఇదేనంటారు. గ్రీకులు దాటింది పంజాబు మైదానంలోని మహానదిని, మంచుకొండల ఏటిని కాదు. వ్యాకరణం ఇంకా గట్టి సాక్ష్యం. రెండు నదుల పేర్లు జోడిస్తే సంస్కృతంలో ‘గంగాయమునే’ అన్నట్టు ద్వివచనం రావాలి. చంద్రభాగా మాత్రం ఏకవచనం, ఒకే నది. విడిగా చూస్తే ‘భాగ’ అంటే వాటా. ఒక ఏటిని ఊరికే వాటా అని ఎవరు పిలుస్తారు? ఆదిత్యుల్లో ఒకడైన భగుడితో ముడిపెట్టాలంటే, ఆ దీర్ఘానికి వేరే సమాధానం వెతుక్కోవాలి. మన పాండురంగడి పండరిపురంలోనూ చంద్రభాగ ఉంది. అక్కడ భీమా నది నెలవంకలా వంగినందుకు ఆ పేరు, జంట ఏర్లు కలిసినందుకు కాదు.

నీరు పైనుంచి వస్తే పేరు కిందనుంచి ఎలా ఎక్కుతుందని అడగవచ్చు. ఎక్కిన ఉదాహరణలున్నాయి. ఫ్రాన్సులో పుయ్ ద సాన్సీ పర్వతం కింద దోర్, దోన్య్ అనే ఏర్లు కలిసి దోర్దోన్య్ అవుతాయంటారు. కానీ 4వ శతాబ్దపు కవి ఔసోనియస్ నాటికే ఆ నది దురానియస్. ఏర్ల పేర్లే దాన్ని చీల్చగా వచ్చినవి. ఇంగ్లండులో సీజర్ నాటి తామెసిస్‌ను, అంటే నేటి థేమ్స్ నది పేరును, థేమ్, ఐసిస్ అనే ఏర్ల కలయికగా తర్వాతి పండితులు భ్రమపడ్డారు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఐసిస్ అన్న పేరు నేటికీ నిలిచింది. ఇక చంద్రుడి కూతురు, సూర్యుడి కొడుకు ప్రేమించుకుని తాండీలో ఒక్కటయ్యారన్న లాహౌల్ గాథ ఉంది. అందమైన కథ, అయితే అది అప్పటికే ఉన్న రెండు పేర్లకు అర్థం చెబుతోంది తప్ప, అవి ఎప్పుడొచ్చాయో చెప్పదు. తాండీ సంగమంలో అస్థికలు కలిపే స్థానికుల భక్తికి ఈ వాదనతో వచ్చే లోటేమీ లేదు, ఆ పవిత్రత సంగమానిది. పట్టనీ, గాహ్రీ వంటి అక్కడి ప్రధాన భాషలు టిబెటో-బర్మన్ కుటుంబానివి. సంస్కృత పేర్లు రాకముందు ఆ నీళ్లను వాళ్లు తమ మాటలతోనే పిలుచుకుని ఉంటారు. ఆ మాటలు ఇంకా నోట ఆడుతున్న ఊళ్లకు వెళ్లి, పెద్దవాళ్లను అడిగి, పటాల మీద చంద్ర, భాగల పక్కనే రాయాలి.