మీకు తెలుసా? 5 తాళాలు, 21 పాటలు, ఒక తూటా!

కుడిచేత్తో ఒక తాళం వేయండి. ఎడమచేత్తో ఇంకో తాళం. ఇప్పుడు కాలు కూడా కలపండి. అప్పుడే తడబడ్డారు కదూ! ఆదిభట్ల నారాయణదాసు గారు ఏకంగా 5 తాళాలు వేసేవారు! రెండు చేతులు, రెండు కాళ్లు, తల. దేని లెక్క దానిదే! దీనికి పంచముఖి అని పేరు. 1945లో వెళ్లిపోయిన ఆ హరికథా పితామహుడి ముందు మన వేళ్ల లెక్కలు ఏపాటివి చెప్పండి!

ఆగండి, దాసుగారి ముచ్చట ఇంకొకటుంది! పారసీ కవి ఉమర్ ఖయ్యాం రుబాయీలు ఉన్నాయి కదా. వాటిని దాసుగారు 2 భాషల్లోకి తెచ్చారు. ఒకటి సంస్కృతం, రెండోది అచ్చతెలుగు! గజ్జె కట్టి కథ చెప్పే మనిషి పారసీ కూడా నేర్చేశారు!

విజయనగరం సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఈ దాసుగారే. ఓ యువకుడు అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చాడట. ఫిడేలు వాయించమన్నారు. వాయించాడు. సీటు ఇవ్వలేదు! ఉద్యోగం ఇచ్చారు! ఏకంగా వయొలిన్ ఆచార్యుడు! అప్పటికి వయసు 26! ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. చూపు మందమని బడి చదువు సాగని మనిషి, తర్వాత అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు!

అదే విజయనగరంలో మధుకరం ఎత్తుకుని చదువుకున్న కుర్రాడి పేరు చెప్పనా? ఘంటసాల వెంకటేశ్వరరావు! భుజాన జోలె. ఇంటింటి అన్నం. గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో చోటిచ్చి మరీ పాఠం చెప్పారు. తర్వాత క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఘంటసాలను పట్టుకెళ్లి బళ్లారి అలీపురం జైల్లో పెట్టారు. ఎన్నాళ్లో తెలుసా? 18 నెలలు! మనం వినే ఆ తియ్యటి గొంతు జైలు కూడు తిన్న గొంతు!

ఆయన భగవద్గీత విన్నారుగా? అంత నిండుగా, అంత పెద్దరికంగా పాడినాయన వయసు ఎంతనుకుంటున్నారు? డెబ్బయ్యా? ఎనభయ్యా? కాదు! 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసే నాటికి ఆయనకు 51 ఏళ్లే! ఆరోగ్యం దెబ్బతిన్న రోజుల్లో పాడిన గీత అది. దాన్ని మనం అంతిమయాత్ర బండ్లకు అప్పగించేశాం. నాకు నిజంగా బాధ! ఒక్కసారి పొద్దున్నే, కాఫీ పక్కన పెట్టుకుని, తీరిగ్గా వినండి. వేరే పాటలా ఉంటుంది!

ఘంటసాల పుట్టిన చౌటపల్లి గుడివాడ దగ్గరే. ఇప్పుడు అదే గుడివాడలో 1978కి రండి. త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. వేదిక మీద ఓ పిల్లాడు. చేతిలో మాండొలిన్! కర్ణాటక కచేరీలో మాండొలినా? పైగా వయసు 9! పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. ఆ రోజునుంచి ఆ వాయిద్యమే ఆయనకు ఇంటిపేరైపోయింది!

అసలు విడ్డూరం వినండి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు! గురువు పాడేవారు. శిష్యుడు ఆ పాటను తీగల మీద వెతుక్కునేవాడు. ఒక్కో గమకం, ఒక్కో సంగతి! చెయ్యి పట్టుకుని చూపించేవాళ్లు లేరు. మామూలు మాండొలిన్‌కు ఉండే 8 తీగలూ ఆయనకు నచ్చలేదు. విడివిడిగా 5 తీగలే పెట్టుకుని, కరెంటు మాండొలిన్ చేయించుకున్నారు! 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆ వార్త చదివిన రోజు చెయ్యి ఆడలేదు.

ఘంటసాల 1922లో పుట్టారు. వీణ ఏమని శంకరశాస్త్రి గారూ ఆ ఏడాదే! ఆ 1922 ప్రాంతంలోనే తిరుమలలో మరో అద్భుతం. గుడిలో ఓ అర. అందులో రాగిరేకులు. వాటి మీద అన్నమయ్య పాటలు! ఆయన 1503లో వెళ్లిపోయారు. అంటే దాదాపు 400 ఏళ్లు ఆ పాటలు లోకానికి దూరంగా చీకట్లో ఉన్నాయి!

కానీ ఓ చిక్కు. రేకుల మీద మాట ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు! పాడేదెలా? రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు కట్టారు. నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టారు. గరిమెళ్ల బాలకృష్ణ ప్రసాద్ గారైతే 600కు పైగా కీర్తనలకు బాణీలు కట్టారు! మీరు 'అన్నమయ్య బాణీ' అనుకుంటున్నది చాలాసార్లు వీళ్లదే! గరిమెళ్ల వారు 2025 మార్చిలో తిరుపతిలోనే కన్నుమూశారు. ఈసారి కీర్తన పాడినప్పుడు బాణీ ఎవరిదో కూడా చెప్పండి. వాళ్లకు మనం తీర్చుకోగలిగిన రుణం అదొక్కటే!

తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరం ఎవరు కట్టించారో తెలుసా? రాజులా? జమీందార్లా? కాదు! ఒక దేవదాసి! బెంగుళూరు నాగరత్నమ్మ! స్వామి 1847లో సిద్ధి పొందితే, ఆవిడ పూనుకుని 1925లో మందిరం నిలబెట్టారు. 78 ఏళ్ల తర్వాత! తన నగలు, తన సొమ్ము అక్కడే పెట్టారు. ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వని రోజులవి. ఆవిడ ఊరుకోలేదు. ఆడవాళ్లను కూడగట్టుకుని విడిగా ఆరాధన చేశారు! వెళ్తే చూడండి, స్వామి సమాధికి ఎదురుగా ఆవిడ విగ్రహం ఉంటుంది!

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు విజయవాడలో మొదటి కచేరీ చేసినప్పుడు వయసు 8! మూడో తరగతి పిల్లల వయసండీ! పుట్టిన కొద్ది రోజులకే తల్లిని పోగొట్టుకున్న ఆ శంకరగుప్తం పిల్లాడు ఆ తర్వాత ఆగిందెక్కడ?

కర్ణాటక సంగీతానికి మూలం 72 మేళకర్త రాగాలు. ఆ 72లోనూ ఆయన కృతులు రాశారు! ఇందులో విశేషమేముంది అనకండి. 15 ఏళ్లు నిండేలోపు రాశారు! కొన్ని రాగాల పేర్లు వరసగా చెప్పడానికే విద్వాంసులు తడుముకుంటారు!

రాగమంటే కనీసం 5 స్వరాలుండాలన్నది పాత లెక్క. బాలమురళి ఏం చేశారు? 4 స్వరాలతో లవంగి కట్టారు! మహతి కట్టారు! అంతటితో ఊరుకున్నారా? 3 స్వరాలతో సర్వశ్రీ! కొందరు పండితులు ఒప్పుకోలేదు. గొడవలయ్యాయి. అయితేనేం! మూడే మూడు మెట్లు ఇచ్చి మేడ ఎక్కమంటే, ఆయన ఎక్కి చూపించారు. ఒకసారి లవంగి వినండి. ఏ స్వరం తక్కువైందో మీకు తట్టదు! నా మట్టుకు నాకు, మన కాలంలో పుట్టిన రాగాల్లో అంతకన్నా అందమైంది లేదు.

ఒంగోలు దగ్గర కరవది. అక్కడ పుట్టిన షేక్ చినమౌలానా గారు శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం! మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1998లో ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది. మరుసటి ఏప్రిల్‌కు ఆయన లేరు.

1947 ఆగస్టు 14 అర్ధరాత్రి. ఢిల్లీలో నెహ్రూ ప్రసంగం. మరి మద్రాసు రేడియోలో? తెలుగు పాట! రాసి, బాణీ కట్టింది బాలాంత్రపు రజనీకాంతరావు గారు. పాడింది టంగుటూరి సూర్యకుమారి. స్వతంత్ర భారతం కళ్లు తెరిచిన వేళ తెలుగు వినిపించింది! రజని గారు 98 ఏళ్లు బతికారు. విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ నిద్రలేచిన ఇళ్లన్నీ ఆయనకు బాకీ!

ఆ సూర్యకుమారి ఎవరనుకున్నారు? ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు! మా తెలుగు తల్లి గీతాన్ని గ్రామఫోను రికార్డుగా ఇంటింటికీ చేర్చిన గొంతు! అంతేనా? 1961లో న్యూయార్క్ రంగస్థలం మీద టాగూర్ నాటకంలో రాణి వేషం! ఉత్తమ నటిగా పురస్కారం! రాజమండ్రి అమ్మాయి, లండన్‌లో కన్నుమూశారు.

చంద్రుడి మీద మనిషి కాలు పెట్టింది 1969లో. కాకినాడలో పుట్టిన పీబీ శ్రీనివాస్ గారికి ఉత్సాహం ఆగలేదు! ఇంగ్లీషులో పాట రాశారు. ఎస్. జానకి గారితో కలిసి రికార్డు చేశారు. నేరుగా నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కే పంపారు! అక్కణ్ణుంచి మెచ్చుకుంటూ జవాబు కూడా వచ్చింది! ఇలాంటి పని ఇంకెవరైనా చేస్తారా చెప్పండి!

భానుమతి గారు పాడతారు, నటిస్తారు. అది అందరికీ తెలుసు. 1953లో చండీరాణి సినిమా ఆవిడే డైరెక్ట్ చేశారని తెలుసా? అదీ 3 భాషల్లో! తెలుగు, తమిళం, హిందీ! ఇవాళ పాన్ ఇండియా అని గొప్పగా చెప్పుకుంటున్నాం కదా. ఆవిడ ఎప్పుడో చేసేశారు!

జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ సంగీత దర్శకుడు అనే బహుమతి 1967 సినిమాలతో మొదలైంది. తొలి విజేత మన మామ, కె.వి. మహదేవన్! ట్యూన్ ముందు కట్టడం ఆయన పద్ధతి కాదు. ముందు పాట రాయాలి. తర్వాతే బాణీ! కవికి అంత మర్యాద ఇచ్చిన సంగీత దర్శకుణ్ణి మళ్లీ చూడలేదు.

శంకరాభరణం విడుదలైన తేదీ 1980 ఫిబ్రవరి 2. కె. విశ్వనాథ్ గారు కన్నుమూసిన తేదీ? 2023, అదే ఫిబ్రవరి 2! సరిగ్గా 43 ఏళ్లు! ఒళ్లు జలదరించడం లేదూ!

ఇంకో రెండు రోజులకే వాణీ జయరాం గారు! శంకరాభరణంలో పాటకు జాతీయ అవార్డు అందుకున్నావిడ. ఒకప్పుడు స్టేట్ బ్యాంకు ఉద్యోగి! పద్మభూషణ్ ప్రకటించి అప్పటికి 10 రోజులే అయింది. అందుకోకుండానే వెళ్లిపోయారు.

గద్దర్ గారి పాట విన్నవాళ్లు లక్షలు. కానీ ఇది విన్నారా? 1997 ఏప్రిల్‌లో ఆయన మీద కాల్పులు జరిగాయి. డాక్టర్లు ఒక్క తూటా మాత్రం తియ్యలేదు. వెన్నెముక దగ్గర ఉండిపోయింది! తీస్తే ప్రాణానికే ముప్పు! దాంతోనే 26 ఏళ్లు ఆడారు, పాడారు! 2023 ఆగస్టులో ఆయనతోపాటే అదీ వెళ్లింది. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమావాళ్లకు ఇచ్చే అవార్డుల పేరు గద్దర్ అవార్డులు!

ఇక మన బాలు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు! 1981 ఫిబ్రవరి 8, బెంగుళూరు. సంగీత దర్శకుడు ఉపేంద్రకుమార్. పొద్దున మొదలుపెట్టి రాత్రి దాకా ఎన్ని పాటలు రికార్డు చేశారో ఊహించండి. 5? 10? కాదు, 21 పాటలు! అన్నీ కన్నడంలో! రెండు పాటలు పాడితే మనకు గొంతు బొంగురుపోతుంది!

దశావతారం తెలుగులో చూశారుగా? కమల్‌హాసన్ వేషాలు పది. అందులో 7 వేషాలకు గొంతు బాలుదే! బామ్మ గొంతు కూడా! ఈసారి టీవీలో వస్తే కళ్లు మూసుకుని వినండి. ఎంతమంది మనుషులు వినిపిస్తారో లెక్కపెట్టండి!

బాలు తొలి పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న. ఆ అవకాశం ఇచ్చింది ఎస్.పి. కోదండపాణి గారు. 1974లో ఆయన వెళ్లిపోయారు. బాలు మరిచిపోయారా? ససేమిరా! తను కట్టించుకున్న రికార్డింగ్ థియేటర్‌కు తన పేరు పెట్టుకోలేదు. కోదండపాణి పేరే పెట్టారు! ఎన్ని వేల పాటలు పాడినా తలుపు మీద గురువే!

బాలు 2020 సెప్టెంబరు 25న కన్నుమూశారు. మరి చెన్నై ఏం చేసిందో తెలుసా? నుంగంబాక్కం కామ్‌దార్ నగర్‌లో ఆయన ఇల్లున్న వీధికే ఆయన పేరు పెట్టేసింది! 2024లో! నెల్లూరు పిల్లాడి పేరు తమిళ వీధి బోర్డు మీద! ఈసారి చెన్నై వెళ్తే ఆ బోర్డు ముందు నిలబడి ఓ ఫొటో దిగండి!