మీకు తెలుసా? కంబం పందిళ్ళ కింద ఏడాది పొడవునా ద్రాక్షే

చెరువున్న మన కంభం కాదు, తమిళనాడు తేని జిల్లాలోని కంబం. ఇళ్ళలో ఇప్పటికీ తెలుగు మాట్లాడే నాయకర్లున్న సీమ. ఇక్కడి పన్నీర్ ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అసలు రకం మస్కట్ హాంబర్గ్, ఇటలీలోనూ పండుతుంది. అక్కడ కోత ఏడాదికొక్కసారే. ఇక్కడ ఒక తోటలో కత్తిరింపులవుతుంటే పక్క తోటలో గుత్తులు కోస్తుంటారు, కాబట్టి ఏ నెలలో వెళ్ళినా నిరాశ ఉండదు.

సురులిపట్టి దారిలో బండి ఆపి, తల వంచి పందిరి కిందికి దూరండి. నల్లటి గుత్తులు నుదుటికి తగులుతాయి. తోట వాకిట్లోనే రసం అమ్ముతారు. ఆపైన సురులి జలపాతంలో స్నానం. ఓపికుంటే చిన్నమనూరు నుంచి మేఘమలై ఎక్కండి: 18 హెయిర్‌పిన్ మలుపులు, పైన తేయాకు తోటలు. కడుపునిండా తిని మాత్రం ఎక్కకండి!