ప్రభుత్వ పరీక్షల చరిత్రయు, అందు మన తెలుగునకు గల స్థానమును

తమిళనాట పదవ తరగతి ముగించిన ప్రతి బాలునకును, బాలికకును లభించు యోగ్యతాపత్రము ప్రభుత్వ పరీక్షల డైరెక్టరేటు పక్షమున వెలువడుచున్నది. ఆ పత్రమును మనమందరము భద్రముగా దాచుకొందుము. కాని దానినిచ్చు సంస్థ యెట్లేర్పడినది, దానిని నడపువారెవరు, అందు మాతృభాషకు చోటెంత యను విషయములు మన తల్లిదండ్రులలో పెక్కుమందికి తెలియవు. వానిని క్లుప్తముగా వివరింప దలచితిమి. పరీక్షలో చోటు లేని విషయమునకు క్రమముగా తరగతిలోను చోటు తగ్గుననుట అందరకును అనుభవమే కావున, ఇది మనకు మిక్కిలి అవసరమైన జ్ఞానము.

1854వ సంవత్సరమున ఉడ్ దొరగారి విద్యావిషయక లేఖ వెలువడిన పిమ్మట మద్రాసు రాజధానిలో విద్యాశాఖ యేర్పడినది. 1855లో అలెగ్జాండరు ఆర్బత్నాటుగారు దానికి మొదటి డైరెక్టరైరి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము స్థాపింపబడగా, అందు ప్రవేశము కోరువారికి మెట్రిక్యులేషను పరీక్ష పెట్టబడినది. గణితశాస్త్రవేత్త శ్రీనివాస రామానుజన్‌గారు కుంభకోణమున చదువుకొని 1903లో వ్రాసినది ఈ పరీక్షయే. అది కళాశాలకు ద్వారము వంటిది. ఉన్నత పాఠశాలతోనే చదువు చాలించువారిని దృష్టిలో నుంచుకొని యేర్పరచినది కాదు.

ఆ లోపమును తీర్చుటకై 1911లో ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి ప్రవేశపెట్టబడినది. నాటి యోగ్యతాపత్రము ఒక చిన్న పుస్తకముగా నుండెడిది. బహిరంగ పరీక్షలో వచ్చిన మార్కులేగాక, విద్యార్థి పాఠశాలలో సంపాదించిన మార్కులు కూడ అందు నమోదు చేయబడెడివి. ఒక్క దినమున వ్రాసిన దానినిబట్టియే గాక, బడిలో చేసిన కృషినిబట్టియు విద్యార్థిని తెలిసికొనవలెనని దాని యాశయము. ఉత్తరమున విశాఖపట్టణము మొదలు దక్షిణమున తిరునల్వేలి వరకు ఒకే పద్ధతి నడచినది. తమిళము, తెలుగు, కన్నడము, మలయాళము అన్నియు ఆ రాజధానిలోని ప్రజల భాషలే. నాడు చెన్నపట్టణమున తెలుగు చదివిన బాలుని ఎవరును అల్పసంఖ్యాకుడని పిలువలేదు.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినది. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగినది. మన కుటుంబములు ఉన్నచోటనే యున్నవి, పరీక్షయు నిలిచియే యున్నది. ఎల్లలు మాత్రము మారినవి. రాజ్యాంగములోని 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కునిచ్చినది. 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు వసతులు కల్పింపవలెనని చెప్పినది. ఇచ్చట నొక సంగతి గమనింపదగినది. ఈ రెండవ అధికరణము చెప్పునది ప్రాథమిక దశను గూర్చియే. బహిరంగ పరీక్ష వచ్చునది మాధ్యమిక దశ చివరను. ఈ రెంటి నడుమగల సంవత్సరములలోనే మన భాష చిక్కుపడినది.

1954లో శ్రీ కామరాజుగారు ముఖ్యమంత్రియైన కాలమున శ్రీ నె. దు. సుందరవడివేలుగారు విద్యాశాఖ డైరెక్టరు పదవిలో నుండిరి. 1956లో ఆరంభమైన మధ్యాహ్న భోజన పథకమునకు ఆయన కృషి తోడ్పడెను. పల్లెబిడ్డలు బడికి వచ్చుట హెచ్చిన కొలది, పరీక్షలు నడపుట పెద్ద కార్యమైనది. 1975 ఫిబ్రవరిలో ప్రభుత్వ పరీక్షలకు ప్రత్యేకముగా డైరెక్టరేటు ఏర్పడినది. 1978లో పదకొండేండ్ల పాఠశాల విద్యకు మారుగా పది, రెండు సంవత్సరముల పద్ధతి వచ్చినది. 1980 మార్చిలో మొదటి హయ్యర్ సెకండరీ పరీక్ష జరిగినది.

ఈ సంస్థ నాయకత్వమును గూర్చి యొక మాట. ఒడిశాలో 1953 నాటి చట్టముననుసరించి కటకమున అధ్యక్షునితో కూడిన మాధ్యమిక విద్యామండలి యున్నది. తమిళనాట పద్ధతి వేరు. ఇచ్చటి డైరెక్టరు పాఠశాల విద్యాశాఖకు లోబడి, ప్రభుత్వముచే నియమింపబడిన యధికారి. పరీక్షలు నడపుట, జవాబులు దిద్దించుట, ఫలితములు ప్రకటించుట ఆ కార్యాలయపు పని. ఏ భాష తప్పనిసరి, ఏది ఐచ్ఛికము అను నిర్ణయము శాసనసభదియు, ప్రభుత్వముదియు. కావున పేరులోనో, మార్కులలోనో పొరపాటు దొర్లినచో డైరెక్టరేటును ఆశ్రయింపవలెను. భాషాస్థానమును గూర్చిన విన్నపము ప్రభుత్వమునకే చేయవలెను. ఈ భేద మెరుగక తిరిగినచో కాలము వ్యర్థమగును.

2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చినది. అంతకుముందు మన బిడ్డలు మొదటి భాగమున తెలుగు వ్రాయగలిగెడివారు. ఈ చట్టముచే మొదటి భాగమున తమిళము, రెండవ భాగమున ఆంగ్లము, మూడవ భాగమున ఇతర విషయములు నిర్ణయింపబడినవి. మాతృభాషకు నాలుగవ భాగమున ఐచ్ఛికముగా చోటు లభించినది. 2006-07లో మొదటి తరగతితో ఆరంభమైన యీ మార్పు ఏటికొక తరగతి చొప్పున సాగి 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. భాషాల్పసంఖ్యాక విద్యార్థులు 2016లో మద్రాసు ఉన్నత న్యాయస్థానమునుండి మినహాయింపు పొందిరి. 2023 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానము మినహాయింపును మరియొక సంవత్సరము పొడిగించినది. ఇట్టి మినహాయింపులు కాలపరిమితి గలవి. వాని నమ్ముకొని కూర్చుండుట తగదు. తమిళము మనము పుట్టి పెరిగిన నేల భాష. దానిని మన బిడ్డలు చక్కగా నేర్వవలసినదే. దానితోపాటు తెలుగును నిలుపుకొనుట యెట్లనునదియే మన సమస్య.

ఐచ్ఛికమను మాట వినగానే పెక్కుమంది తల్లిదండ్రులు తెలుగును విడిపించి, ఆ గంటను గణితమున కిమ్మందురు. అట్లు ఒక్కొక్కరు విడిచినకొలది తెలుగు చదువువారి సంఖ్య తగ్గును. సంఖ్య తగ్గిన ఉపాధ్యాయ పదవికి ఆధారము సన్నగిల్లును. 1970లో నెలకొల్పబడిన రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ తెలుగు వాచకములను అచ్చువేయుచున్నను, అవి చదువు బిడ్డలు లేనిచో ప్రయోజనమేమి?

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. తొమ్మిదవ తరగతిలోనే మీ బిడ్డ భాషలేవో పాఠశాలలో విచారింపుడు. పరీక్షకు పంపు పేర్ల పట్టికలో పేరు, పుట్టిన తేది, భాష సరిగా నున్నవో లేవో స్వయముగా చూడుడు. హాలుటిక్కెట్టు వచ్చినప్పుడు మరల సరిచూడుడు. ఆ యేటి ప్రభుత్వోత్తరువులను ప్రధానోపాధ్యాయుల నడిగి తెలిసికొనుడు. ఫలితము తలక్రిందులైనచో బిడ్డను నిందింపక, కొలదినెలలలో జరుగు ఉపపరీక్షకు సిద్ధపరచుడు.

యోగ్యతాపత్రమున తెలుగు మార్కులుండుట గొప్ప కాకపోవచ్చును. కాని ఆ మార్కులకై బిడ్డ చదివిన పదేండ్ల తెలుగు ఆ బిడ్డతో చిరకాలముండును. అందుకై మన మందరము కలసి పూనుకొందము.